పిల్లల బల్లపై చీకటి దేవుళ్లు: భయపడవలసినది దేనికి?

గత మాసంలో ఇంగ్లండులో ఉంటున్న మా అమ్మాయి ఫోను చేసి, "నాన్నా, వీడు గదిలో ఏదో క్షుద్రదేవతను తయారు చేస్తున్నాడు. సెలవు దినమంతా తలుపు వేసుకుని దానితోనే గడుపుతున్నాడు. మానసిక వైద్యునికి చూపించమంటారా?" అని అడిగింది. వీడంటే మా మనవడు, పద్నాలుగేళ్లవాడు. ఆమె గొంతులో వణుకు వినిపించింది. ఈ ఆట మన నగరాలలోని పిల్లలకు కూడా పరిచయమవుతున్నది. రేపు మీ ఇంటి బల్లమీదనూ కొమ్ముల దేవుడొకడు ప్రత్యక్షం కావచ్చు. అందుచేత మా అమ్మాయికి చెప్పినదానిని మీకు కూడా చెప్పదలచాను.

ముందుగా ఆ ఆట సంగతి. నాటింగ్‌హామ్ కేంద్రంగా పనిచేసే గేమ్స్ వర్క్‌షాప్ అనే సంస్థ 1983లో 'వార్‌హామర్' అనే యుద్ధక్రీడను విడుదల చేసింది. పెద్ద బల్లమీద కొండలు, శిథిలాలు అమర్చి, రెండు సైన్యాలను ఎదురెదురుగా నిలిపి, టేపుతో దూరం కొలిచి కదుపుతూ, పాచికలు వేసి గెలుపోటములు తేల్చుకుంటారు. బొమ్మలతో యుద్ధమాడడం కొత్త వింత కాదు. హెచ్.జి. వెల్స్ అంతటి రచయిత 1913లోనే అటువంటి ఆటకు నియమాలు రాసి 'లిటిల్ వార్స్' అనే పుస్తకంగా ప్రచురించాడు. అయితే వార్‌హామర్‌లో ఆటకంటె ఆటకు ముందు జరిగే పనే ఎక్కువ. ఒక్కొక్క సైనికుడు సుమారు మూడు సెంటీమీటర్ల ఎత్తు ఉంటాడు. అతని తల, చేతులు, ఆయుధం విడి ముక్కలుగా వస్తాయి. వాటిని కత్తిరించి, అరగదీసి, అతికించి, సన్నని కుంచెతో కనుగుడ్డు దాకా రంగు వేయాలి. పనితనం పెరిగినవారు రెండు మూడు బొమ్మల భాగాలను కలిపి, మిగిలిన చోట ఎపాక్సీ ముద్దతో మలచి, ఏ అంగడిలోనూ దొరకని స్వంత దేవుళ్లను సృష్టించుకుంటారు. మావాడు చేస్తున్నది అదే.

ఆ కల్పిత ప్రపంచంలో నర్గల్ అని ఒక దేవుడున్నాడు. వ్యాధులకు, కుళ్లుకు అధిపతి. భక్తులు అతనిని 'తాత' అని పిలుస్తారు. ఒక తాతగా నాకు అది కొంచెం కష్టం కలిగించిన మాట నిజం. అతడు రోగాలను వాత్సల్యంతో, కానుకలుగా పంచుతాడు. అతనిని నమ్మినవారి శరీరం కుళ్లిపోతున్నా నొప్పి తెలియదు, నవ్వుతూనే ఉంటారు. దీనిని ఊహించినవారు వైద్యులో కాదో గాని, మంచి పరిశీలకులని నాకు అనిపించింది. కుష్ఠు వల్లనో, మధుమేహం వల్లనో స్పర్శ కోల్పోయిన పాదంలో మేకు దిగి, చెప్పులో రక్తం కనిపించేదాకా ఆ సంగతే తెలియని రోగులను నేను ఎందరినో చూశాను. నొప్పి తెలియకపోవడం ఎంత భయంకరమైన వరమో వారి పుండ్లు కడిగినవారికి తెలుస్తుంది.

వ్యాధికి ఒక రూపం, ఒక పేరు ఇవ్వడం మనకు మాత్రం కొత్తదా? మశూచికం సోకితే "అమ్మవారు పోసింది" అనేవారు మన పెద్దలు. వేపమండలు కట్టి, పోలేరమ్మకు చద్ది నైవేద్యం పెట్టేవారు. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదైంది. 1980లో ప్రపంచమంతటా ఆ వ్యాధి నిర్మూలనమైనట్లు ప్రకటించారు. అమ్మవారు పూజలందుకునే తల్లి, నర్గల్ ఆటబొమ్మ. ఆ తేడాను నేను చెరపడం లేదు. కంటికి కనబడని భయాన్ని కంటి ఎదుట నిలబెట్టుకుంటే మనిషికి దానితో మాట్లాడే వీలు కలుగుతుందని మాత్రమే నా అభిప్రాయం.

తల్లిదండ్రుల భయానికి ఒక చరిత్ర ఉంది. 1974లో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఊహాక్రీడ పిల్లలను దయ్యాల ఆరాధనకు, ఆత్మహత్యకు పురికొల్పుతున్నదని 1980లలో అమెరికాలో పెద్ద ఆందోళన సాగింది. కుమారుని పోగొట్టుకున్న ఒక తల్లి అందులో ముందు నిలిచింది. ఆమె దుఃఖాన్ని ఎవరూ తేలికగా తీసుకోరాదు. కాని ఆట వలన ఆత్మహత్యలు పెరిగాయనడానికి ఆధారాలు దొరకలేదు. ఆ రోజులలో ఇటువంటి ఆటల కోసం అమ్మిన లోహపు బొమ్మలలో అధికభాగం సీసం కలిసిన మిశ్రలోహంతో పోతపోసినవి. పిల్లలు వాటిని ఆకురాయితో అరగదీసేవారు. దెయ్యం మీద జరిగినంత కోలాహలం ఆ సీసం మీద జరగలేదు. 1990లలో గాని ప్రధాన సంస్థలు సీసం లేని లోహానికి మారలేదు.

అందువలన మా అమ్మాయితో, "దేవుని సంగతి తరువాత చూద్దాం, ముందు వాడు పనిచేసే బల్లను వీడియోలో చూపించు" అన్నాను.

చూశాను. రంగు వేస్తూ వేస్తూ కుంచె మొన సూదిలా నిలవడం కోసం మావాడు దానిని పెదవుల మధ్య పెట్టి తిప్పాడు. నా గుండె ఝల్లుమంది. 1917 మొదలు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఆరెంజ్ పట్టణంలో గడియారాల అంకెలకు రేడియం రంగు వేసిన యువతులు ఇలాగే పెదవులతో కుంచెను సాదుకునేవారు. అలా చేయమని వారికి నేర్పినవారే ఉన్నారు. పళ్లు ఊడి, దవడ ఎముకలు చివికి, వారిలో కొందరు చిన్న వయస్సులోనే మరణించారు. 1928లో గాని వారి దావా పరిష్కారం కాలేదు. ఈనాటి బొమ్మల రంగులు రేడియం వంటివి కావు, చాలావరకు నీటిలో కలిసే ఆక్రిలిక్ రంగులే. అయినా చిత్రకారుల కొన్ని రంగులలో కాడ్మియం, కోబాల్టు వంటివి ఉంటాయి. తడి కాగితంపై కుంచెను తిప్పితే అదే మొన వస్తుంది. ఈ ఒక్క అలవాటు మాన్పించగలిగితే ఈ వ్యాసం రాసినందుకు నాకు ఫలితం దక్కినట్లే.

తక్కిన పదార్థాలలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది జిగురు పదార్థాల అలర్జీ. ఎపాక్సీ ముద్ద అంటే కుళాయి కారితే మనం పిసికి పెట్టే ఎం-సీల్ జాతిదే. పసుపు, నీలం ముక్కలు కలిపి పిసికితే ఆకుపచ్చగా మారుతుంది. గట్టిపడక ముందు అది చర్మానికి పదేపదే తగిలితే కొందరికి దురద, పొక్కులు మొదలవుతాయి. ఈ మధ్య ఇళ్లలోకి వచ్చిన త్రీడీ ప్రింటర్లలో వాడే ద్రవ రెసిన్ ఇంకా తీవ్రమైనది. అందులోని ఆక్రిలేట్లకు శరీరం ఒకసారి ఎదురు తిరిగితే ఆ అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. దంతాలకు పెట్టే కొన్ని సిమెంట్లలో, చక్కెర కొలిచే సెన్సర్ల అంటు పదార్థంలో కూడా ఆ జాతి రసాయనాలే ఉంటాయి. పద్నాలుగో ఏట బొమ్మ కోసం తెచ్చుకున్న అలర్జీ, యాభయ్యో ఏట పంటి వైద్యునికి అడ్డం రావచ్చునన్నమాట. నైట్రైల్ చేతితొడుగులు, తెరచిన కిటికీ ఉండాలి. పడకగదిలో ప్రింటరు ఉండకూడదు. రెసిన్ బొమ్మను అరగదీసేటప్పుడు నీటితో తడిపి రుద్దాలి. పొడిగా రుద్దితే లేచే సన్నని ధూళికి గుడ్డ మాస్కు చాలదు, ఎన్-95 కావాలి.

సూపర్ గ్లూతో వేళ్లు అంటుకుంటే లాగవద్దు. గోరువెచ్చని సబ్బునీటిలో నానబెట్టి నెమ్మదిగా విడదీయండి. దూదితో మాత్రం తుడవకండి. ఆ జిగురు దూదితో కలిస్తే చర్మం కాలేంత వేడి పుడుతుంది. కంటిలో పడితే ఇంట్లో ప్రయోగాలు చేయకుండా వైద్యుని దగ్గరకు వెళ్లండి. కత్తి సంగతి మన వంటింట్లో అందరికీ తెలిసినదే, మొండి బ్లేడే జారి వేలు కోస్తుంది. ఇక కళ్లు: రోజూ కొంతసేపు ఆరుబయట గడిపే పిల్లలలో హ్రస్వదృష్టి తక్కువగా వస్తుంది కనుక, బల్ల దగ్గర రెండు గంటలు కూర్చున్నవానిని ఆపైన బయటికి తరమండి.

ఇవన్నీ చెప్పిన తరువాత వాని దేవుని గురించి అడిగాను. "నీకు నచ్చదు తాతయ్యా" అన్నాడు. నచ్చనవసరం లేదు, చెప్పమన్నాను.

ఆ దేవునికి నోరు లేదు. ముఖం మీద ముసుగు. వీపు నుంచి వంకర గొట్టాలు బయలుదేరి చుట్టూ నిలిచిన భక్తుల ముఖాలకు చేరుతాయి. భక్తులందరూ చిరునవ్వుతో ఉంటారు. అతని రాజ్యంలో ఒకటే చట్టం: ఎవరు ఏమి అడిగినా "అంతా బాగుంది" అనాలి.

కొంతసేపు నాకు మాట రాలేదు. 2021 మే నెలలో నా భార్య విజయవాడలో కోవిడ్‌తో ఆసుపత్రిలో ఉన్నప్పుడు వీడికి పదేళ్లు. వీడియోలో ఆక్సిజన్ ముసుగుతో ఆమెను రెండుసార్లు చూశాడు. ప్రతిరోజూ అడిగేవాడు. "అమ్మమ్మ బాగుంది, నిద్రపోతున్నది" అని మా అమ్మాయీ నేనూ కూడబలుక్కుని చెప్పాము. నలభై ఏళ్లు రోగుల బంధువులకు నిజం చెప్పడం ఎలాగో జూనియర్లకు నేర్పినవాడిని, సొంత ఇంట్లో ఆ పని చేయలేకపోయాను.

ఆ గొట్టాలు దేనితో చేశావని అడిగితే, నాన్న పనిముట్ల పెట్టెలోని సోల్డరు తీగ అన్నాడు. దాని చుట్టపై 60/40 అని ఉంది. అంటే నూటికి నలభై పాళ్లు సీసం. ఆ తీగను తీయించి, చేతులు సబ్బుతో కడిగించి, పాత గిటారు తీగతో గొట్టాలు మళ్లీ చేయమన్నాను. దేవుని జోలికి పోలేదు.

మానసిక వైద్యుని సలహా ఎప్పుడు అవసరమో కూడా మా అమ్మాయికి చెప్పాను. నిద్ర, తిండి తగ్గి, చదువు కుంటుపడి, స్నేహితులు దూరమైతే చూపించాలి. ఆ దేవుడు నిజంగా తనతో మాట్లాడుతున్నాడని, ఆజ్ఞలిస్తున్నాడని పిల్లవాడు అంటే, తనను తాను గాయపరచుకుంటే, చావాలని ఉందని అంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు. వీటిలో ఏదీ మావాడిలో లేదు. శనివారాలు ఊళ్లోని ఆటల క్లబ్బుకు వెళ్లి నలుగురితో కలిసి ఆడి, ఓడిపోయి నవ్వుకుంటూ వస్తున్నాడు.

నిన్న వాడే ఫోను చేశాడు. గొట్టాలు కుదిరాయని చూపించి, చివరి రోజున అమ్మమ్మ ఏమన్నదని అడిగాడు. ఈసారి జరిగినది జరిగినట్లు చెప్పాను. అరగంట పట్టింది.