పెన్సిల్ తెచ్చుకున్నావా?

జూనియర్ కాలేజీ అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పదో తరగతి గట్టెక్కిన పిల్లలు ఎంపీసీయో బైపీసీయో తీసుకుని రెండేళ్లు తలెత్తకుండా చదివే చోటు. పొద్దున్నే హసన్‌పర్తిలో హన్మకొండ బస్సెక్కితే చాలు, వీపున బస్తాల్లాంటి బ్యాగులు వేసుకుని నిలబడే నిద్రపోతున్న ఇంటర్ పిల్లలు కనిపిస్తారు.

అమెరికాలోనూ జూనియర్ కాలేజీలున్నాయి. పేరొక్కటే కానీ సంగతి వేరు. అక్కడ పన్నెండో తరగతి పూర్తయ్యాక చేరే రెండేళ్ల కాలేజీ అది. ఇప్పుడు చాలాచోట్ల కమ్యూనిటీ కాలేజీ అంటున్నారు. ఫీజు తక్కువ, ప్రవేశం తేలిక. రెండేళ్లు బాగా చదివితే పెద్ద యూనివర్సిటీలో నేరుగా మూడో ఏడాదిలో చేరిపోవచ్చు. వీటికి క్రీడల సంఘం కూడా ఉంది. 1938లో కాలిఫోర్నియాలో పుట్టింది. ఆ ఆటల్లో రాజు ఫుట్‌బాల్. మన ఫుట్‌బాల్ కాదండోయ్... కాలితో తన్నడం అరుదుగా ఉండే అమెరికన్ ఫుట్‌బాల్!

తలకు హెల్మెట్, భుజాలకు కవచాలు, జట్టుకు పదకొండు మంది. కోడిగుడ్డులా కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని అవతలి గీత దాటించాలి. దాటితే ఆరు పాయింట్లు. మధ్యలో అడ్డుపడేవాళ్లు మన కబడ్డీలో పట్టు పట్టినట్టే మీద పడి కింద పడేస్తారు. నాలుగు ప్రయత్నాల్లో కనీసం పది గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మరో నాలుగు ప్రయత్నాలు. లేదంటే బంతి అవతలి జట్టుకు. స్థూలంగా ఇంతే ఆట.

ఈ జూనియర్ కాలేజీ జట్లలో బాగా పేరు మోసింది మిసిసిపీ రాష్ట్రంలోని ఈస్ట్ మిసిసిపీ కమ్యూనిటీ కాలేజీ. అదుండే ఊరు స్కూబా. జనాభా వెయ్యి కూడా ఉండదు. హసన్‌పర్తి మండలంలో ఓ మోస్తరు పల్లె దానికంటే పెద్దది. అలాంటి ఊరి కాలేజీ 2011, 2013, 2014లలో జూనియర్ కాలేజీల జాతీయ ఛాంపియన్! సంగతేమిటో చూద్దామని నెట్‌ఫ్లిక్స్ వాళ్లు 2015 సీజన్ అంతా కెమెరాలతో అక్కడే మకాం వేశారు. మరుసటి ఏడాది విడుదలైన ఆ డాక్యుమెంటరీ పేరు 'లాస్ట్ ఛాన్స్ యు'. ఆఖరి అవకాశాల యూనివర్సిటీ అనుకోవచ్చు.

ఆఖరి అవకాశం ఎందుకంటే, అక్కడికొచ్చే కుర్రాళ్లలో చాలామంది ఎక్కడో ఒకచోట దెబ్బతిన్నవాళ్లే. ఆట అద్భుతంగా వచ్చినా మార్కులు లేక పెద్ద యూనివర్సిటీలు చేర్చుకోనివాళ్లు కొందరు. చేర్చుకున్నాక క్రమశిక్షణ తప్పి బయటికొచ్చినవాళ్లు ఇంకొందరు. స్కూబాలో బాగా ఆడి, మార్కులు కూడా తెచ్చుకుంటే మళ్లీ పెద్ద యూనివర్సిటీ తలుపు తెరుచుకుంటుంది. రెండూ కావాలి. ఒకటి ఉండి ఒకటి లేకపోతే లాభం లేదు.

అందుకే ఆ డాక్యుమెంటరీలో నన్ను కట్టిపడేసింది మైదానంలో ఈలలేసే కోచ్ బడ్డీ స్టీఫెన్స్ కాదు. బ్రిటనీ వాగ్నర్ అనే చదువుల సలహాదారు. ఆటగాళ్లు క్లాసుకు వెళ్లారా, హోంవర్క్ ఇచ్చారా, ఎవరికెన్ని మార్కులు తగ్గాయి... అంతా ఆవిడ చూసుకోవాలి. ఆరడుగుల ఆజానుబాహుడు గదిలోకి రాగానే ఆవిడ అడిగే మొదటి ప్రశ్న, పెన్సిల్ తెచ్చుకున్నావా అని. చాలాసార్లు తెచ్చుకోడు. ఆవిడే ఇస్తుంది. కోప్పడుతుంది, బుజ్జగిస్తుంది, క్లాసుకు పంపిస్తుంది. మన ఇళ్లలో అక్కలు తమ్ముళ్లని బడికి తోలినట్టుగా!

ఆ సీజన్ మాత్రం సుఖంగా ముగియలేదు. అక్టోబరులో మిసిసిపీ డెల్టా కాలేజీతో మ్యాచ్. స్కూబా జట్టు 48-0 ఆధిక్యంలో ఉంది. గెలుపు ఖాయం. అలాంటప్పుడు రెండు జట్లూ మైదానంలోనే కలబడి కొట్టుకున్నాయి. మ్యాచ్ అక్కడే ఆపేశారు. ఆటగాళ్ల మీద సస్పెన్షన్లు, ప్లేఆఫ్‌ల నుంచి జట్టు అవుట్. వరుసగా మూడో జాతీయ టైటిల్ ఆశ ఆ కొద్ది నిమిషాల్లో ఆవిరైంది. టైటిల్ పోతే పోయింది, ఏ యూనివర్సిటీ నుంచి పిలుపొస్తుందా అని ఎదురుచూస్తున్న కుర్రాళ్ల మాటేమిటి? ఆ పిల్లల మొహాలు చూస్తుంటే, గొడవపడ్డారన్న కోపం కంటే జాలే ఎక్కువ కలిగింది.

అయినా కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. పసితనంలోనే తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న రోనల్డ్ ఓలీ స్కూబా నుంచి లూసియానాలోని నికల్స్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్లాడు. 2019లో ఓక్లాండ్ రైడర్స్ శిక్షణ శిబిరం దాకా చేరాడు. తుది జట్టులో చోటు దక్కలేదు. అందరూ ఆరన్ రోడ్జర్స్ కాలేరు కదా! రోడ్జర్స్‌ని కూడా స్కూలు అయ్యాక పెద్ద యూనివర్సిటీలు పట్టించుకోలేదు. 2002లో బ్యూట్ కాలేజీ అనే జూనియర్ కాలేజీలో ఆడి, అక్కణ్నుంచి బర్కిలీకి వెళ్లి, 2011 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచాడు. కామ్ న్యూటన్‌దీ అలాంటి దారే. 2009లో టెక్సస్‌లోని బ్లిన్ కాలేజీకి టైటిల్ తెచ్చి, మరుసటి ఏడాది ఆబర్న్ యూనివర్సిటీని జాతీయ ఛాంపియన్‌ని చేశాడు.

ఇంతకీ ఈ ఆట మన దగ్గరికి రాలేదా? వచ్చింది. 2012లో ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అని మొదలుపెట్టారు. మన తరఫున హైదరాబాద్ స్కైకింగ్స్ జట్టు కూడా ఉంది. రగ్బీ, కబడ్డీ, అథ్లెటిక్స్ ఆడేవాళ్లని పోగేసి హెల్మెట్లు పెట్టారు. మ్యాచ్‌లేమో కొలంబోలో ఆడించి టీవీలో చూపించారు. సొంతూరి జనం ఈల వేయని ఆట ఎన్నాళ్లు నిలుస్తుంది? ఫైనల్లో పుణె మరాఠాస్ 6-0తో ఢిల్లీ డిఫెండర్స్‌ని ఓడించింది. ఆ తర్వాత లీగ్ ఊసు పెద్దగా లేదు.

ఆ ఆట రాకపోతే మనకొచ్చిన నష్టమేమీ లేదు. మనకు కబడ్డీ ఉంది, ఖోఖో ఉంది, వాలీబాల్ ఉంది. హన్మకొండ జేఎన్ స్టేడియంలో 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలే జరిగాయి. లేనిదల్లా మన జూనియర్ కాలేజీలకు సీజన్. చాలా ప్రైవేటు కాలేజీలు అపార్ట్‌మెంట్ లాంటి భవనాల్లో నడుస్తున్నాయి. టైమ్‌టేబుల్‌లో స్టడీ అవర్ ఉంటుంది, దాని తర్వాత ఇంకో స్టడీ అవర్ ఉంటుంది. ఆటల పీరియడ్ ఉందేమో వెతుక్కోవాలి. రెండో అవకాశం అంటే మనకు తెలిసింది సప్లిమెంటరీ పరీక్ష ఒక్కటే. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత తెలంగాణలో ఇరవై మందికి పైగా పిల్లలు ఆ రెండో అవకాశం దాకా కూడా ఆగకుండా ప్రాణాలు తీసుకున్నారు. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు.

స్కూబాలో బ్రిటనీ వాగ్నర్ 2016లో ఉద్యోగం మానేసి సొంతంగా సంస్థ పెట్టుకుంది. విద్యార్థులకు చదువు దారి చూపించడమే దాని పని. పేరు 'టెన్ థౌజండ్ పెన్సిల్స్'. పదివేల పెన్సిళ్లు!

వేసవి రాగానే మన ఇళ్లకూ కాలేజీల కరపత్రాలు వస్తాయి. ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు స్టాంపుల్లా వరసగా ఉంటాయి. మీ ఇంటికొచ్చిన కరపత్రంలో గ్రౌండ్ ఫొటో ఎక్కడైనా ఉందేమో చూడండి. కనిపిస్తే మాకో ఉత్తరం ముక్క రాయండి.