ఏకగ్రీవానికి ఎంత?

పెద్దపంజాణి వైపు పల్లెల్లో పంచాయతీ ఎన్నికల మాట వస్తే మొదటి ప్రశ్న ఒకటే: పోటీ ఉందా, లేదా? సర్పంచ్ పదవి ఎస్సీ మహిళకు రిజర్వైన ఊళ్లో ఆ ప్రశ్న ఇంకా బరువు. ఇంటిపన్ను రసీదు, కుల ధ్రువీకరణ పత్రం, ప్రతిపాదించినవాడి సంతకం పట్టుకుని ఆమె నామినేషన్ బల్ల దాకా వెళ్లాలి. వెళ్లాక ఉపసంహరణ గడువు దాకా నిలబడాలి. ఊరి పెద్దలు ఇంటికొచ్చి 'ఊరికి నాలుగు డబ్బులొస్తాయి కదమ్మా' అనేది ఆ మధ్య రాత్రుల్లోనే.

డబ్బుల మాట అబద్ధమేం కాదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ఏకగ్రీవాలకు ప్రకటించింది. ఆ మార్చిలో పక్కనున్న పుంగనూరు మున్సిపాలిటీలో ఒక్క వార్డుకూ పోలింగే జరగలేదు. ఊరు కలిసున్నా ఏకగ్రీవమే, ఊరు బెదిరినా ఏకగ్రీవమే.

ఏది ఏదో అడగడానికే రాజ్యాంగంలోని 243కె అధికరణం రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌ను పెట్టింది. హైకోర్టు జడ్జిని తీసేసే పద్ధతిలో తప్ప ఆయన్ని తీయకూడదు, నియమించాక సర్వీసు షరతులు ఆయనకు నష్టం చేసేలా మార్చకూడదు. 2020 మార్చిలో కోవిడ్ పేరుతో అప్పటి కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ స్థానిక ఎన్నికలు వాయిదా వేస్తే, ఏప్రిల్లో ప్రభుత్వం ఆర్డినెన్సుతో ఐదేళ్ల పదవిని మూడేళ్లు చేసి ఇంటికి పంపింది. మే 29న హైకోర్టు దాన్ని కొట్టేసింది.

తిరిగొచ్చిన కమిషనర్ 2021 పంచాయతీ ఎన్నికల్లో చిత్తూరు, గుంటూరు జిల్లాల ఏకగ్రీవాలను నివేదికలొచ్చేదాకా ఆపమన్నారు. అది ఆయన పని. పుంగనూరు ఎమ్మెల్యే, అప్పటి మంత్రి పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డిని ఇల్లు కదలనీయొద్దని ఆదేశించడం మాత్రం, నా మట్టుకు, అతి. హైకోర్టూ ఆ ఆదేశాన్ని నిలబెట్టలేదు.

తీసేసే తలుపుకు ఇంత గట్టి గడియ పెట్టిన రాజ్యాంగం, కూర్చోబెట్టే తలుపును బార్లా వదిలేసింది. దక్షిణాఫ్రికాలో ప్రభుత్వ తప్పులపై విచారణ జరిపే పబ్లిక్ ప్రొటెక్టర్‌ను పెట్టాలంటే జాతీయ సభలో 60 శాతం సభ్యులు ఒప్పుకోవాలి. అలా వచ్చిన తులి మడోన్సెలా అప్పటి అధ్యక్షుడు జుమా సొంతింటికి పెట్టిన ప్రభుత్వ ఖర్చుల లెక్క తీసింది. 2016లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం జుమాను డబ్బు కట్టమంది. ఇక్కడ 2021లో రమేశ్‌కుమార్ దిగిపోతుంటే గవర్నర్‌కు పేర్లు పంపింది రాష్ట్ర ప్రభుత్వమే. వచ్చింది నీలం సాహ్ని, అప్పటిదాకా ముఖ్యమంత్రికి సలహాదారు.