యంత్రధారాగృహం ఎవరికి?

కుళాయి కింద చేయి పెడితే నీరు తానే వస్తుంది, చేయి తీస్తే తానే ఆగిపోతుంది. ఈ వింతను మెచ్చుకొనేవారు నాకు మాటిమాటికీ తారసపడుతున్నారు. "సార్, నాగరికత అంటే ఇదీ. మనవాళ్లు వెయ్యేళ్లయినా ఇటువంటిది కనిపెట్టగలరా?" అంటారు ఒకరు. "ఇందులో కొత్తేముంది, ఇవన్నీ మన పూర్వులకు తెలిసినవే" అంటారు మరొకరు. ఈ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు గాని, నాకు మాత్రం ఇద్దరితోనూ పేచీయే. ఇద్దరూ పరికరాన్నే చూస్తారు. దాని పక్కన నిలబడ్డ మనిషిని చూడరు.

నీటి పరికరానికి గీటురాళ్లు రెండే అని నా వాదం. అది ఎవరి నడుము మీది బరువు దించింది? చెడిపోతే బాగుచేసుకొనే శక్తి ఎవరి చేతిలో ఉంది? ఈ రెంటికీ జవాబు చెప్పలేని వస్తువు ఎంత తళతళలాడినా దానిని అలంకారమనే అంటాను, ఆవిష్కరణ అనను.

ముందు పూర్వుల పక్షం వారికి మనవి. మనకు జలయంత్రాలు తెలియవని నేను అనను. జీవితమంతా తెలుగు, సంస్కృతాలు చెప్పి బతికినవాణ్ని, ఎలా అంటాను? కాళిదాసు మేఘసందేశంలో దేవకాంతలు మేఘాన్నే యంత్రధారాగృహంగా మార్చుకొనే ఊహ ఉంది. నేటి భాషలో చెప్పాలంటే అది షవరు గది. పదకొండవ శతాబ్దంలో భోజరాజు పేర వెలువడిన సమరాంగణ సూత్రధారంలో యంత్రాల మీద ఒక అధ్యాయమే ఉంది, అందులో ధారాగృహాల వివరణ ఉంది. సంతోషమే. కాని ఆ ధార కింద నిలిచినవారు ఎవరు? దేవకాంతలు, రాజులు, రాణులు. ఆ నీటిని పైకి చేర్చిన చేతులు ఎవరివి? ఆ సంగతి ఏ కవీ చెప్పలేదు.

శాస్త్రాల్లో కూపయంత్రఘటికా న్యాయమని ఒకటి ఉంది. బావి మీద తిరిగే చక్రానికి కట్టిన కుండల్లో కొన్ని నిండుతూ, కొన్ని ఖాళీ అవుతూ, కొన్ని పైకి వస్తూ, కొన్ని కిందికి పోతూ ఉంటాయి. మనుషుల భాగ్యాలూ అంతేనని దాని తాత్పర్యం. ఎన్నో ఏళ్లు పిల్లలకు చెప్పిన న్యాయమే ఇది. ఇందులో కుండల సుఖదుఃఖాలు ఉన్నాయి గాని, చక్రం తిప్పే ఎద్దు లేదు, ఎద్దును తోలే మనిషి లేడు. గోలకొండకు వెళ్లే యాత్రికులు ద్వారం దగ్గర చప్పట్లు కొట్టి ప్రతిధ్వని విని మురిసిపోతారు. ఆ కొండమీదికి నీటిని చక్రాలతో అంచెలంచెలుగా ఎక్కించి, మట్టి గొట్టాల గుండా మహళ్లకు పంపిన ఏర్పాటు ఇంజనీరింగు దృష్టితో అంతకంటె వెయ్యి రెట్లు గొప్పది. ఆ గొట్టాలను చూసేవారే తక్కువ. ఆ చక్రాలను తిప్పినవారిని తలచుకొనేవారు అసలే లేరు.

ఇక పడమటి పక్షం వారి సంగతి. మేముండే కాసిపేట బొగ్గు నేల. కింద బొగ్గు, పైన పల్లె. ఇక్కడ గనిని ఎవరూ గని అనరు, "బాయి" అంటారు. "ఏం పని?" అంటే "బాయి పని" అంటారు. బావికీ గనికీ ఒకే మాట కావడం నాకు ఎంతో సార్థకంగా తోస్తుంది. బొగ్గు బాయిలోనూ నీరు ఊరుతుంది. దానిని తోడిపోయకపోతే పని సాగదు, ప్రాణానికే ముప్పు.

మీరు చేతులెత్తి మొక్కే ఆవిరి యంత్రం పుట్టింది ఈ అవసరం నుంచే. 1698లో ఇంగ్లండులో థామస్ సేవరీ ఆవిరి బలంతో నీరు తోడే యంత్రానికి పేటెంటు పొంది, దానికి "గనివాని మిత్రుడు" అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1712లో థామస్ న్యూకోమెన్ డడ్లీ దగ్గర బొగ్గు గనిలో నీరు తోడడానికి తన యంత్రాన్ని నిలబెట్టాడు. రైలుకంటె, మరమగ్గానికి ఆవిరి కట్టడంకంటె ఎంతో ముందు ఆవిరి చేసిన తొలి ఉద్యోగం నీళ్లు తోడడం. కాబట్టి యంత్రయుగానికి తల్లి రాజభవనంలోని స్నానఘట్టం కాదు, నీరు నిండిన బొగ్గు బాయి.

అయితే గనివాని మిత్రుడు గనిలోని నీటిని తోడాడే గాని, గనివాని ఒంటి మీది బొగ్గును కడగలేదు. ఆ పని ఇంట్లో ఇల్లాలికి మిగిలింది. రెండు వందల ఏళ్లు అలాగే మిగిలింది.

ఈ చరిత్ర తెలుసుకోదగ్గది. గని ముఖం దగ్గరే షవర్లు, బట్టలు మార్చుకొనే గదులు కట్టడం జర్మనీ, బెల్జియం వంటి దేశాల్లో ముందు మొదలైంది. బ్రిటన్‌లో 1911 నాటి గనుల చట్టం ఆ మాట ఎత్తింది గాని, మెలిక పెట్టింది. కార్మికుల్లో మూడింట రెండు వంతుల మంది ఓటు వేసి, నిర్వహణ ఖర్చులో సగం తామే భరిస్తామంటేనే యజమాని కట్టించాలట. 1919లో శాంకీ కమిషన్ ముందుకు గని కార్మికుల భార్యలు సాక్షులుగా వచ్చారు. వారిలో వేల్స్ దేశానికి చెందిన ఎలిజబెత్ ఆండ్రూస్ ఒకరు. మగవాడు మసితో ఇంటికి వస్తే, వేడినీళ్ల తొట్లు ఎత్తి దించలేక ఆడవాళ్ల ఒళ్లు ఎలా గుల్ల అవుతున్నదో, గర్భిణులకు ఏమవుతున్నదో, మరిగే నీళ్లు మీద పడి పిల్లలు ఎలా కాలిపోతున్నారో వారు ప్రభువుల సభా భవనంలో నిలబడి చెప్పారు. 1926లో చట్టం వచ్చింది. భూమి కింది బొగ్గుకు రాయల్టీ తినే భూస్వాముల రాబడి మీద పన్ను వేసి, ఆ సొమ్ముతో స్నానశాలలు కట్టించారు.

గమనించండి. షవరు అప్పటికి ఎప్పుడో కనిపెట్టిన వస్తువే. గొట్టం ఉంది, జల్లెడ వంటి మూత ఉంది, బాయిలరు ఉంది. లేనిదల్లా అది ఎవరికి కావాలో చెప్పగల నోరు, ఆ నోటిని వినే చెవి. ఇంజనీరు సగం కనిపెట్టాడు. మిగిలిన సగాన్ని ఆ ఆడవాళ్లు కనిపెట్టారు. ఈ మాట అతిశయోక్తి కాదు.

మన దేశంలో 1952 నాటి గనుల చట్టం గని ముఖం దగ్గర షవర్లతో కూడిన స్నానశాలల కోసం నియమాలు చేసే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. బొగ్గు గనుల స్నానశాలల నియమావళి 1959లో వచ్చింది. కాళిదాసు దేవకాంతలకు ఇచ్చిన యంత్రధారాగృహం, కాగితం మీదనైనా, బాయి పనివాడికి హక్కుగా దక్కింది. నన్నడిగితే మన జలయంత్రాల చరిత్రలో భోజరాజు అధ్యాయంకంటె ఇది పెద్ద అధ్యాయం. కాని దీని మీద ఒక పద్యమైనా నేను చూడలేదు.

నా శిష్యుల్లో చాలామంది బాయి పనివారి బిడ్డలు. "నీరు" అని వ్యాసం రాయమంటే మగపిల్లలు వానల గురించి, చెరువుల గురించి, గోదావరి గురించి రాసేవారు. ఆడపిల్లలు బోరింగు దగ్గర బిందె వరుసలో పెట్టి నిలబడ్డ సంగతి రాసేవారు. ఒకే నీరు, ఒకే తరగతి, రెండు వేరువేరు శాస్త్రాలు. షిఫ్టు దిగి వచ్చే తండ్రికి నీళ్లు కాగబెట్టాలంటే ముందు అవి ఇంట్లో ఉండాలి. ఆ "ఉండాలి" అన్న క్రియకు కర్త ఎవరో వ్యాకరణం చెప్పదు, ఆ వ్యాసాలు చెప్పాయి.

బోరింగు అన్నాను గనుక దాని కథ కూడా చెప్పాలి. "మనవాళ్లు కనిపెట్టగలరా?" అనే మిత్రునికి ఇదే నా సమాధానం. 1960ల చివరి కరవుల తర్వాత దేశమంతటా బోర్లు తవ్వి, వాటి మీద పోత ఇనుప చేతిపంపులు బిగించారు. అవి ఐరోపాలోనూ అమెరికాలోనూ ఒక్క కుటుంబం వాడుకొనే పంపులకు నకళ్లు. ఇక్కడ ఒక్కో పంపును వందల మంది పొద్దంతా కొట్టేవారు. ఏమవుతుంది? విరిగాయి. ఊరూరా మూగబోయాయి. అప్పుడు షోలాపూర్ ప్రాంతంలో ఉక్కుతో తయారవుతున్న పంపును ఆధారం చేసుకొని, యూనిసెఫ్, ప్రభుత్వ రంగంలోని రిచర్డ్‌సన్ అండ్ క్రూడస్ సంస్థ, మరికొందరు కలిసి 1970లలో ఇండియా మార్క్ 2 అనే పంపును రూపొందించారు. పిడికీ లోపలి కడ్డీకీ మధ్య గొలుసు, పిడి తిరిగే చోట బాల్ బేరింగులు, పోత ఇనుముకు బదులు ఉక్కు. ఇంతే. దానికి పేటెంటు గోడ కట్టలేదు. ప్రమాణాలకు లోబడి ఎవరైనా తయారు చేయవచ్చన్నారు. అది లక్షల సంఖ్యలో మన పల్లెలకు, ఆపైన ఆఫ్రికా పల్లెలకు కూడా చేరింది.

ఆ తర్వాత వచ్చిన మార్క్ 3 ఇంకొక అడుగు ముందుకు వేసింది. భూమిలోని గొట్టాలన్నిటినీ పైకి లాగే పని లేకుండానే లోపలి పిస్టను, వాషర్లు బయటికి తీసే వీలు కల్పించింది. అంటే పట్నం నుంచి బండి వచ్చేదాకా ఎదురుచూడకుండా ఊరివాళ్లే బాగుచేసుకోవచ్చు. ఉత్తరప్రదేశ్‌లోని బాందాలో 1990లలో మహిళా సమాఖ్య కార్యక్రమం కింద పల్లె ఆడవాళ్లు చేతిపంపుల మెకానిక్కులయ్యారు. బిందె మోసే చేయి పానా పట్టింది. నేను చెప్పిన రెండు గీటురాళ్ల మీదా నిగ్గుతేలిన ఆవిష్కరణ అంటే అది.

దీనికి ఎదురు ఉదాహరణ నా కళ్ల ముందే జరిగింది. ఒక బడిలో (పేరు అనవసరం) పిల్లలు నీరు వృథా చేస్తున్నారని, నొక్కితే వచ్చి తనంత తానే ఆగిపోయే కుళాయిలు పెట్టించారు. ఆలోచన మంచిదే. కొన్నాళ్లకు లోపలి స్ప్రింగులు బిగుసుకుపోయాయి. ఆ భాగం దగ్గరి బజారులో ఏ దుకాణంలోనూ దొరకలేదు. కొన్ని కుళాయిలు ఆగకుండా కారాయి, కొన్ని రాకుండా పోయాయి. చివరికి అన్నిటినీ మూసేశారు. పాత మర కుళాయికయితే వాషరు అరిగితే కిరాణా కొట్టులో కొని ఎనిమిదో తరగతి పిల్లవాడే మార్చేవాడు. ఆ మర కుళాయి 1845 నాటి ఇంగ్లండు పేటెంటు. అది ఇన్నేళ్లు బతికింది దాని మెరుపును చూసుకొని కాదు, ఆ చిన్న వాషరును చూసుకొని.

"ధనవంతుని ఇంట పుట్టిన వస్తువే క్రమంగా పేదవాడికి చేరుతుంది కదా, తొందర ఎందుకు?" అనే వాదం ఒకటి ఉంది. నీరు పల్లానికి తానే పారుతుందేమో గాని, సౌకర్యం పారదు. బాయి పనివాడికి షవరు తానుగా కారి రాలేదు. సాక్ష్యం చెబితే, చట్టం చేస్తే, పన్ను వేస్తే వచ్చింది. బోరింగు ఏ భవంతి నుంచీ దిగి రాలేదు. ఇంటింటికీ నల్లా అనే లక్ష్యంతో 2016లో మొదలైన మిషన్ భగీరథ కూడా ప్రజల సొమ్ముతో నడిచిన పథకమే గాని, ఏ కుళాయి కంపెనీ దయా కాదు.

పై నుంచి తానుగా దిగి వచ్చినదేదో చెప్పమంటారా? మురుగు. 1775లో అలెగ్జాండర్ కమింగ్ మరుగుదొడ్డి గొట్టానికి ఒక వంపు పెట్టి, ఆ వంపులో నిలిచే నీటినే దుర్వాసనకు తలుపుగా చేశాడు. కదిలే భాగం ఒక్కటీ అక్కరలేని ఆ వంపు ఊహ అద్భుతమే. మన ఇళ్లలో వాసన ఆగింది. మరి ఆ వంపుకు అవతల? మ్యాన్‌హోల్లో దిగిన మనిషికి ఏ వంపు అడ్డం వచ్చింది? మలం చేత ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చాక కూడా మురుగు గుంతల్లో ఊపిరాడక మనుషులు చనిపోయారు. అందుకే 2017లో హైదరాబాదు జలమండలి ఇరుకు సందుల్లోకి కూడా దూరగల చిన్న జెట్టింగ్ యంత్రాలను దళిత పారిశ్రామికవేత్తల చేత నడిపించడం మొదలుపెట్టినప్పుడు, పత్రికల్లో మూలన పడ్డ ఆ వార్తను నేను రెండుసార్లు చదివాను. నీటి ధాటితో మురుగును కదిలించే ఆ చిన్న లారీ, చేయి చూసి నీరు విడిచే కుళాయికంటె నా దృష్టిలో పదింతల ఆవిష్కరణ. మొదటిది ఒక మనిషిని గుంతలోకి దిగనివ్వదు. రెండవది ఒక మనిషికి మర తిప్పే శ్రమ తప్పిస్తుంది. ఈ రెండు శ్రమలనూ ఒకే తక్కెడలో పెట్టేవారితో నాకు మాటలు లేవు.

యంత్రద్వేషమని దీనికి పేరు పెట్టకండి. చేతులు వణికే ముసలివారికి, కీళ్లు బిగిసినవారికి, ఆసుపత్రిలో వైద్యులకు తాకకుండా నడిచే కుళాయి నిజంగా ఉపకారమే. అక్కడ అది గీటురాయికి నిలుస్తుంది. విమానాశ్రయంలో అద్దం ముందు నిలబడి దానిని నాగరికతకు శిఖరమంటేనే ఒప్పుకోను.

మిత్రులారా, మీ ఊళ్లో ఏతం ఉండేది, మోట ఉండేది, గిలక ఉండేది, ఇప్పుడు మోటారు ఉంది. వాటి పేర్లు, భాగాల పేర్లు మీ పెద్దలను అడిగి రాయండి. మాకు నల్లా, మీకు కుళాయి కావచ్చు, ఏ మాటయినా ఫరవాలేదు. కాని ఒక్క వివరం మాత్రం విడిచిపెట్టకండి. దానిని ఎవరు తొక్కారు, ఎవరు లాగారు, ఎవరు మోశారు, చెడిపోతే ఎవరు బాగుచేశారు. భగీరథుని పేరు మనకు తెలుసు. గంగ నేలకు దిగాక దానిని ఇంటిదాకా మోసినవారి పేర్లే ఇంకా ఎవరూ రాయలేదు.