త్వరగా పూచిన మొక్క మేలైన మందగునా?

విదేశమునుండి వచ్చిన మా అన్నగారి కుమారుడు ఇటీవల నన్నడిగినాడు: “బాబాయ్, రెండున్నర నెలలలోనే పూతకొచ్చి కోతకొచ్చే గంజాయి రకాలు అక్కడ ఉన్నాయి. అమ్మ మోకాళ్ళ నొప్పులకు పెరట్లో ఒక్క మొక్క పెంచితే తప్పేమిటి?” మా వదినగారి బాధ నేనెరుగుదును. అయినను వలదనియే చెప్పితిని.

సాధారణముగా గంజాయి మొక్క రాత్రి సుమారు 12 గంటలకు పెరిగినపుడే పూయును. రష్యా శాస్త్రజ్ఞుడు యానిషెవ్‌స్కీ 1924లో వర్ణించిన రుడెరాలిస్ అను రకము మాత్రము పగటి నిడివితో నిమిత్తము లేక, కొన్ని వారముల వయస్సు రాగానే పూయును. దానిని ఇతర రకములతో సంకరపరచగా, ఆ గుణము మొదటి తరములో చాలవరకు అణగియుండి, రెండవ తరమున ఇంచుమించు నాలుగింట ఒక మొక్కలో బయటపడును. అట్టి మొక్కలను ఏరి, తరతరములుగా పెంచి గుణమును స్థిరపరచినారు. ఈ కృషి మెచ్చదగినదే.

అయితే పూతకాలము తగ్గినంత మాత్రాన మందు మేలైనది కాదు. ఆయుర్వేదమున విజయ ఉపవిషము. ఆకును కడిగి, ఆరబెట్టి, నేతిలో వేయించి శుద్ధిచేసిన పిమ్మటనే జాతీఫలాది చూర్ణము వంటి యోగములలో తూచి చేర్చుదురు. పెరటి పూవులో మత్తు పదార్థమెంతయో ఇంటిలో ఎవరు కొలువగలరు? పైగా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టము ప్రకారము అనుమతిలేని సాగు నేరము.

వదినగారిని వైద్యునికి చూపించి, అంతవరకు వావిలాకు కాపడము పెట్టుమని అతనికి చెప్పితిని. పాఠకులకును నా మనవి ఇదియే.