ట్రెడ్‌మిల్లుపై పాదరక్షలు వలయునా?



ములుగు జిల్లా పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప దేవాలయమును చూచినవారు అందలి మదనికల విగ్రహములను మఱవజాలరు. వారిలో నొకతె పాదములకు ఎత్తు మడమల పాదరక్షలున్నవి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించిన ఆ గుడిలోనికి మనము జోళ్ళు వెలుపల విడిచి పోయి, జోళ్ళు తొడిగిన ఆ శిల్పసుందరిని చూచి సంతసించుచున్నాము. జోడు తొడుగుటయు విడుచుటయు చోటును, పనిని బట్టి యుండునని దీనివలన గ్రహింపవచ్చును.

వెలుపల నడచుటకు తీరిక లేని గృహిణుల కొఱకు ట్రెడ్‌మిల్లు ఇప్పుడు ఇండ్లలోనికి వచ్చినది. “ఇంటిలోని వస్తువే గదా, దానిపై జోళ్ళేల?” యని పలువురు వట్టి కాళ్ళతోనే దాని నెక్కుచున్నారు. ఈ యలవాటు మేలా, కీడా?

ఇంటి గచ్చు కదలదు. ట్రెడ్‌మిల్లు పట్టా మోటారు బలముచే వెనుకకు సాగుచునే యుండును. కాలు జారకుండుటకై దాని పైభాగము గరుకుగ నుండును. క్రింది పలకతో రాసికొని వేడెక్కును. పరుగెత్తునపుడు ప్రతి యడుగునను అరికాలు ఆ గరుకుతో ఒరసికొనును. చెమటకు చర్మము మెత్తబడినచో బొబ్బ లెక్కును. కాలు తడబడి పడినచో, కదలుచున్న పట్టా చర్మమును గీరి పుండు చేయును.

అట్లని వట్టి కాళ్ళ పరుగు అసాధ్యము కాదు. ఇథియోపియా దేశీయుడగు అబెబె బికిలా 1960లో రోము ఒలింపిక్కు పోటీలలో మారథాను పరుగును వట్టి కాళ్ళతో గెలిచెను. అతడే 1964లో టోక్యోయందు జోళ్ళు తొడిగి మరల గెలిచెను. చిరకాలము వట్టి కాళ్ళతో పరుగెత్తినవారు తఱచుగ పాదము ముందుభాగమును, జోళ్ళవారు తఱచుగ మడమను మొదట మోపుదురని డేనియల్ లీబర్మన్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును 2010లో ప్రకటించిరి. కాని యా నేర్పు ఒక్క దినమున వచ్చునది కాదు. జోళ్ళకు అలవడినవారు వానిని హఠాత్తుగ విడిచి పరుగిడినచో పిక్కలు నొచ్చుటయే గాక, పాదపుటెముకలు బీట వారుటయు గలదు. ఆరోగ్యవతులు వట్టి కాళ్ళతో మెల్లగ కొలది నిమిషములు నడచినచో దోషము లేదు. పరుగునకు మాత్రము జోళ్ళే మేలు.

ఇక మిక్కిలి ముఖ్యమైన మాట. రక్తమున చక్కెర తగ్గించుకొనుటకై నడచుడని వైద్యులు మధుమేహ రోగులకు చెప్పుచుందురు. అందుకై ట్రెడ్‌మిల్లు కొనిన యిండ్లు గలవు. ఈ వ్యాధి ముదిరినకొలది పాదములకు స్పర్శజ్ఞానము తగ్గవచ్చును. అట్టివారికి బొబ్బ లేచినను నొప్పి తెలియదు. చిన్న పుండు లోలోన చెడి, తుదకు కాలు తీసివేయవలసిన స్థితికి తెచ్చును. కావున స్పర్శ తగ్గిన పాదములవారు ఇంటిలో సయితము వట్టి కాళ్ళతో తిరుగరాదని వైద్యులు హెచ్చరించుచున్నారు. అత్తగారికో, అమ్మకో ఈ వ్యాధియున్నచో, మెల్లని నడకకైనను వట్టి కాళ్ళతో ట్రెడ్‌మిల్లు నెక్కనీయకుడు. ప్రతి రాత్రియు ఆమె అరికాళ్ళను, వ్రేళ్ళ సందులను దీపపు వెలుగున చూడుడు.

“మఱి ఇంటిలో జోళ్ళతో తిరుగుట యెట్లు?” అందురేమో. వీధిలో ఎన్నడును తొడుగని జత నొకదానిని ఈ పనికే ప్రత్యేకించి, యంత్రము చెంతనే యుంచుడు. వీధి మురికి లోనికి రాదు. ఇంటి యాచారమును చెడదు. పాదములు కొంత ఉబ్బియుండు సాయంకాల వేళ జోళ్ళు కొనుట మంచిది. బొటనవ్రేలికి ముందు అంగుష్ఠమాత్రము ఖాళీ యుండవలెను. త్రాళ్ళు బిగించి కట్టుడు. లోపల ఉతికిన మేజోళ్ళు తొడుగుడు. రబ్బరు చెప్పులు కాలినుండి జారును గనుక పనికిరావు.

చీర కుచ్చెళ్ళును, చున్నీ చెఱగును పట్టాకు తగులకుండ సవరించుకొనుడు. యంత్రమును ఆపు త్రాటి కొక్కెమును దుస్తులకు తగిలించుకొనుడు. పట్టా కదలుచుండగా పిల్లలను దరికి రానీయకుడు.

ఇంటిల్లిపాది పనులకై దినమెల్ల తిరుగునవి మన పాదములే. వానికై ఒక జత జోళ్ళు కొనుట దుబారా కాదు.