ముందు నాడి, తరువాత యంత్రం

కోవిడ్ రెండవ ఉధృతి వచ్చిన 2021లో మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఎన్నో ఇళ్ళకు ఒక చిన్న యంత్రం వచ్చింది. అది వేలికి తగిలించుకునే పల్స్ ఆక్సిమీటర్. ఇప్పుడది ఏ బీరువాలోనో పడి ఉంటుంది. దాని మీద రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి రక్తంలోని ఆక్సిజన్ శాతం. దాన్ని చదవడం ఆ రోజుల్లో అందరమూ నేర్చుకున్నాం. రెండవది నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో తెలిపే అంకె. దాని సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అంటే గుండెను కనిపెట్టి చూసే పరికరం మనం పిలవకుండానే ఇంటికి వచ్చి కూర్చున్నదన్న మాట! కొన్ని చేతి గడియారాలు కూడా ఇప్పుడు ఈ పని చేస్తున్నాయి.

ఇది చిన్న విషయం కాదు, విద్యార్థులారా. ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో హాలెండు శాస్త్రవేత్త ఐంథోవెన్ గుండెలోని విద్యుత్తును గీతగా గీయించిన యంత్రం బరువు సుమారు 270 కిలోలు. రోగి చేతులూ కాలూ ఉప్పునీళ్ళ పాత్రల్లో ముంచి కూర్చోవలసి వచ్చేది. ఆ కృషికే ఆయనకు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. 1940లలో అమెరికాలో నార్మన్ హోల్టర్ తయారుచేసిన యంత్రాన్ని వీపున మోస్తూ తిరగవచ్చు, కాని అదీ 38 కిలోలు! ఇప్పటి క్లిప్పు వేలిలోకి వెలుగు పంపి, రక్తం ఉబికినప్పుడల్లా ఆ వెలుగు ఎంత తగ్గిందో చూసి లెక్క కడుతుంది.

ఇంట్లో ఇలాంటివి ఉంటే లేనిపోని భయాలు పుడతాయనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. గుండెదడ వస్తుంది, పోతుంది. నార్నూరు వైపు గూడెంలో ఒక తల్లికి రాత్రి దడ పుట్టిందనుకోండి. తెల్లవారి బస్సెక్కి ఆదిలాబాద్ చేరేసరికి గుండె మామూలుగా కొట్టుకుంటూ ఉంటుంది, ఇ.సి.జి.లో తేడా ఏమీ కనిపించదు. ఊళ్ళోనేమో గాలి సోకిందని తేల్చేస్తారు. దడ పుట్టిన ఆ వేళ ఎవరైనా నాడి లెక్కించి రాసి ఉంచితే డాక్టరుకు ఒక దారి దొరుకుతుంది. ఉన్నట్టుండి 180కి ఎగబాకి, స్విచ్చి ఆర్పినట్టు ఆగిపోయే దడ వేరు. పరీక్ష భయంతో మెల్లగా పెరిగి మెల్లగా తగ్గే దడ వేరు.

అయితే ముందు వేళ్ళతో నాడి చూడడం రావాలి, ఆ తరువాతే యంత్రం అని నేను పట్టుబడతాను. ఎందుకంటారా? డప్పు మీద నిమిషానికి 78 దెబ్బలు పడ్డాయని ఎవరైనా చెబితే, తాళం తప్పిందో లేదో మీకు తెలుస్తుందా? వింటేనే తెలుస్తుంది. క్లిప్పు చూపే అంకె కూడా అంతే. 78 అన్న మంచి అంకె వెనుక పూర్తిగా లయ తప్పిన గుండె ఉండవచ్చు. మణికట్టు మీద, బొటనవేలి వైపున, రెండు వేళ్ళు ఆనించి నిండు నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేసే అడ్డదారి ఇక్కడ పనికిరాదు. ఊపిరి పీల్చినప్పుడు నాడి కొంచెం వడిగా, వదిలినప్పుడు కొంచెం నిదానంగా కొట్టుకోవడం మీ వయసులో మామూలే, జబ్బు కాదు. చేతి నాడిని ఒకరూ, స్టెతస్కోపుతో గుండెను మరొకరూ ఒకే నిమిషంలో లెక్కిస్తే రెండూ సమానం కావాలి. కర్ణికలు లయ తప్పి వణికే జబ్బులో కొన్ని స్పందనలు బలం చాలక మణికట్టు దాకా రావు. అప్పుడు చేతి లెక్క తగ్గుతుంది, క్లిప్పు లెక్కా తగ్గవచ్చు. పుష్యమాసపు చలికి వేళ్ళు చల్లబడినా, చేయి కదిలినా క్లిప్పు తప్పు చెప్పవచ్చు.

గడియారం హెచ్చరిక కూడా తీర్పు కాదు. అమెరికాలో 4,19,297 మందితో జరిపి 2019లో ప్రచురించిన పరిశోధనలో హెచ్చరిక అందినవాళ్ళు 2,161 మంది. వాళ్ళలో 450 మంది ఆ తరువాత ఛాతీకి ఇ.సి.జి. పట్టీ అంటించుకుని చూపించుకుంటే, జబ్బు కనిపించింది 34 శాతం మందిలోనే. మిగిలినవారి విషయంలో గడియారం అబద్ధమాడిందనీ అనలేం, వచ్చిపోయే జబ్బు కదా!

మనకు ఇది మరీ ముఖ్యం. 46 దేశాల్లో ఈ జబ్బుతో ఆసుపత్రికి వచ్చినవారిని పరిశీలించి 2014లో ప్రచురించిన లెక్కల్లో, కీళ్ళవాత జ్వరం వల్ల గుండె చెడినవాళ్ళు ఉత్తర అమెరికాలో 2.2 శాతం, భారతదేశంలో 31.5 శాతం. ఆ జ్వరం ఎక్కువగా 5 నుండి 15 ఏళ్ళ పిల్లలకు, స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చిన గొంతునొప్పి తరువాత వస్తుంది. కవాటాలు పాడై, ఏళ్ళు గడిచాక కర్ణికలు వణుకుతాయి. వాటిలో రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం. అందుకే ఖరీదైన గడియారం కన్నా, గొంతునొప్పికి వేళకు వైద్యమూ, ఆ జ్వరం వచ్చినవారికి క్రమం తప్పని పెన్సిలిన్ ఇంజక్షన్లూ ముందు అందాలంటాను.

మీ ఇంట్లో ఎవరికైనా దడ వస్తుంటే నోటుపుస్తకంలో తేదీ, వేళ, నాడి లెక్క, లయ సరిగా ఉన్నదా, ఎంతసేపు ఉన్నది, అప్పుడు ఏం చేస్తున్నారు అన్నవి రాయండి. డాక్టరు దగ్గరకు ఆ పుస్తకాన్ని తీసుకువెళ్ళండి. స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా మాత్రం లెక్కలు మాని వెంటనే 108కి ఫోను చేయండి.