చుక్కల మాట గీత వినాలి

ప్రాక్టికల్స్‌లో ఒక వింత ఆచారం ఉంది. పది రీడింగులు తీసి గ్రాఫు కాగితం మీద పది చుక్కలు పెడతారు. తొమ్మిది బుద్ధిగా వరసలో నిలబడతాయి, పదోది పక్కకి పోతుంది. వెంటనే రబ్బరుతో దాన్ని చెరిపేసి వరసలో కూర్చోబెడతారు. రికార్డు ముచ్చటగా ఉంటుంది, మార్కులూ పడతాయి. కానీ మిత్రులారా, ఇది సైన్సేనా?

టెలిస్కోపు లేని రోజుల్లో టైకో బ్రాహీ అంగారక గ్రహాన్ని ఏళ్ల తరబడి గమనించి కొలతలు రాసిపెట్టాడు. కెప్లర్ వాటికి ఒక వృత్తాన్ని సరిపెట్టడానికి కుస్తీ పట్టాడు. చివరికి ఎనిమిది నిమిషాల కోణం తేడా మిగిలింది. అంటే నిండు చందమామ వెడల్పులో పావు వంతు! మనమైతే "ప్రయోగ దోషం" అని రాసి చేతులు దులుపుకుంటాం. కెప్లర్ మాత్రం కొలతల్ని నమ్మి వృత్తాన్నే వదిలేశాడు. 1609లో వచ్చిన అతని గ్రంథంలో అంగారకుడి దారి దీర్ఘవృత్తమైంది.

అలాగని ప్రతి చుక్క వెంటా పరుగెత్తమని కాదు. పది చుక్కల గుండా తొమ్మిదో ఘాతం బహుపది ఒకటి తప్పకుండా పోతుంది. కానీ అందులో మన చేతి వణుకు కూడా చేరుతుంది. చుక్కకీ చుక్కకీ మధ్య అది ఎటు గంతులేస్తుందో చెప్పలేం. 1805లో లెజాండర్ ప్రచురించిన కనిష్ఠ వర్గాల పద్ధతి ఊరి పెద్దమనిషి తీర్పులాంటిది. తేడాల వర్గాల మొత్తం వీలైనంత తక్కువగా ఉండే గీతని ఎంచుతుంది. అందరి మాటా వింటుంది, ఎవరికీ పూర్తిగా లొంగదు. అయితే దూరంగా ఉన్న చుక్క గీతని ఎక్కువగా లాగుతుంది. అప్పుడు చెయ్యాల్సింది చెరపడం కాదు, మళ్లీ కొలవడం.

ఇదంతా కాగితం గొడవేగా అంటారా? మాది వ్యవసాయ కుటుంబం. వరికి ఎరువు పెంచితే కొంతవరకు దిగుబడి పెరుగుతుంది. హద్దు దాటితే పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, తెగులు పడుతుంది, తాలు మిగులుతుంది. ఎరువు మోతాదు తేల్చే ప్రయోగంలో, పైరు పడిపోయిన మడిని "వరసలో లేద"ని ఎవరైనా కొట్టేశారనుకోండి. గీత నిటారుగా పైకే పోతుంది. ఆ గీతని నమ్మి బస్తాలు కొనేది రైతు, అప్పు తీర్చేదీ రైతే!

రేపు మనలో కొందరు ఆ గీతలు గీసే ఉద్యోగాల్లోకి వెళ్తాం. కంప్యూటర్ క్షణంలో సమీకరణం ఇస్తుంది గానీ, చెరిపేసిన చుక్కని వెతికి తేలేదు. అందుకే అధ్యాపకులకు నా మనవి: గీత నున్నగా ఉందని మార్కులు వెయ్యకండి. పక్కకి పోయిన చుక్కని ఉన్నచోటే ఉంచి, ఎందుకు పోయిందో రాసినవాడికి రెండు మార్కులు ఎక్కువ వెయ్యండి. నిజం చెప్పినవాడు నష్టపోని లాబొరేటరీ కావాలి మనకు.